ప్రతి ఇఫ్‌కూ ఎల్స్ రాయించాలా?

తొలిమెట్టు:
కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు పాఠాలు చెబుతున్నాను. ఇఫ్ (షరతు నిజమైతే చేయాల్సిన పని) రాస్తే ఎల్స్ (నిజం కాకపోతే చేయాల్సిన పని) కూడా రాయాల్సిందే అని నియమం పెట్టాను. మార్కులు 50 గానీ అంతకు మించి గానీ ఉంటే ‘ఉత్తీర్ణత’ అని చూపించమంటే చకచకా రాస్తారు. 49 వస్తే ఏం జరగాలో ఎవరూ ఆలోచించరు. మీరేమంటారు?

జల్లెడ:
ఒప్పుకోను. ఖాళీ ఎల్స్ వల్ల ఒరిగేదేమీ లేదు. ముందు ఒక షరతు కిందికి వచ్చే వరుసలన్నిటినీ చుట్టే బ్రాకెట్లు పెట్టడం నేర్పండి. 2014లో ఆపిల్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ ‘గోటూ ఫెయిల్’ లోపం గుర్తుందా? ఇఫ్ కింద ఒకే వరుస రెండుసార్లు పడింది. బ్రాకెట్లు లేవు కాబట్టి మొదటి వరుస మాత్రమే షరతుకు లోబడింది, రెండోది ప్రతిసారీ నడిచింది. దాంతో సురక్షిత కనెక్షన్‌లో జరగాల్సిన తనిఖీ జరగకుండానే పోయింది.

పాఠకురాలు:
పైథాన్ భాషలో ఆ బ్రాకెట్లే ఉండవు కదండీ.

జల్లెడ:
అక్కడ ఇండెంటేషన్ ఉంది, అంటే వరుస మొదట్లో వదిలే ఖాళీలు. ఖాళీలు తప్పితే అర్థమే మారిపోతుంది. నేను చెప్పేదీ అదే.

తొలిమెట్టు:
నేను అడిగింది ఎల్స్ గురించి. మీరు బ్రాకెట్లు వదలడం లేదు.

నీలిసిరా:
ఎల్స్ లేదన్న ఒక్క కారణంతో, సరిగ్గా పనిచేసే నా ప్రోగ్రాంకు ఒక ఉపాధ్యాయుడు సున్నా వేశారు. ఆ తర్వాత చాలాకాలం ప్రోగ్రామింగ్ జోలికే పోలేదు. మీ నియమం ఎక్కడికి దారి తీస్తుందో నాకు బాగా తెలుసు.

తొలిమెట్టు:
ఆయన మీద కోపం నా మీద చూపించకండి. నేను ఎవరికీ సున్నా వేయలేదు.

నీలిసిరా:
సరే, ఇది చూడండి. మొదటి షరతు: మార్కులు 50 లేదా అంతకు మించితే ‘ఉత్తీర్ణత’. తర్వాత ఎల్స్ ఇఫ్ (మొదటిది నిజం కాకపోతేనే చూసే షరతు): 90 లేదా అంతకు మించితే ‘అత్యుత్తమం’. చివర ఎల్స్: ‘అనుత్తీర్ణత’. 95 ఇస్తే మొదటి షరతే నిజమవుతుంది, రెండోదాన్ని కంప్యూటర్ చూడనే చూడదు. ‘అత్యుత్తమం’ ఎవరికీ రాదు. మీ ఎల్స్ ఉంది, జల్లెడ గారి బ్రాకెట్లూ ఉన్నాయి. అయినా తప్పే. 49, 50, 89, 90 ఇచ్చి ఒక్కో వరుసా కాగితం మీద నడిపిస్తేనే ఇది దొరుకుతుంది. మీరు అలవాటు నేర్పుతున్నారు, ఆలోచన కాదు.

తొలిమెట్టు:
అసలు తేడా ఇక్కడే ఉంది. ముందు అలవాటు పడితే ఆలోచన దాని వెంటే వస్తుందని నా నమ్మకం. చేయి తిరగని వాళ్లను మొదటి వారమే అన్నీ ఆలోచించమంటే బెదిరిపోతారు.

నీలిసిరా:
వాళ్లు బెదిరేది ఆలోచనకు కాదు, కారణం చెప్పని నియమానికి.

తొలిమెట్టు:
కాగితం మీద నడిపించడం రేపటి పాఠం నుంచే మొదలుపెడతాను. ఎల్స్ నియమం మాత్రం తీయను.

జల్లెడ:
బ్రాకెట్ల సంగతి ఇంకా తేలలేదు.