కాటన్ దొర మీద స్కూల్ ప్రాజెక్ట్, చార్ట్ కాకుండా ఇంకేం చేయించొచ్చు?

మా పాప ఎనిమిదో తరగతి అండి. సోషల్‌లో ఎవరైనా చరిత్ర వ్యక్తి మీద ప్రాజెక్ట్ చేయమన్నారు, నెట్‌లో ప్రింట్లు తీసి అంటిస్తే మార్కులు వెయ్యరంట. మాది కోనసీమ, మా పొలానికి నీళ్ళొచ్చేది గోదారి కాలవే, అందుకని తను సర్ ఆర్థర్ కాటన్‌ని ఎంచుకుంది. 1803లో పుట్టారు, 1899లో పోయారు, 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు, ఇవన్నీ రాసేసింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచట్లేదు. వారమే టైముంది.

రిప్లై 1
మా బాబు పోయినేడు ఇదే చేశాడు అండి. మామూలు మోడల్ కాదు, ఇసుక మీద చేయించండి, ఎందుకంటే కాటన్ గారి అసలు కష్టం అక్కడే ఉంది, గోదారి అడుగున రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసకే. మేం పెద్ద ప్లాస్టిక్ టబ్బులో తడి ఇసుక పోసి ముందు ఉత్త పెంకు ముక్క నిలబెట్టాం, మగ్గుతో నీళ్ళు పోస్తే పైనుంచి పొర్లకముందే కింద ఇసుక తోడుకుపోయి పెంకు పక్కకి ఒరిగిపోయింది. రెండోసారి పెంకుని లోతుగా దించి, దిగువ వైపు గులకరాళ్ళు ఏటవాలుగా పరిచాం, నిలబడింది! వాడు గంట సేపు అదే చేస్తూ కూర్చున్నాడు. ఇసుకలో పునాది నిలబెట్టడం కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్ట చూసి నేర్చుకున్నామని కాటన్ గారే ఒప్పుకున్నారు, ఆ ముక్క మాత్రం తప్పకుండా రాయించండి.

రిప్లై 2
నేను సోషల్ టీచర్‌ని. పై ఐడియా చాలా బావుంది, దానికి తోడు ఒక డైరీ రాయించండి. కాటన్ గారి డైరీ కాదమ్మా, ధవళేశ్వరం కొండ దగ్గర రాళ్ళు మోసిన ఒక కూలీ డైరీ. ఊహించి రాసిందని పైన స్పష్టంగా పెట్టాలి. 1832-33 నందన కరువులో గుంటూరు వైపు ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయిపోయాయి, ఆ కరువు చూసిన మనిషికి ఆనకట్ట అంటే ఏంటో పాప ఆలోచించాలి. వేలమంది కూలీల్ని సమకూర్చి పని నడిపించిన వీణం వీరన్న గారి గురించి కూడా ఒక పేజీ ఉండాలి, పిల్లల ప్రాజెక్టుల్లో ఆయన పేరే కనపడదు, నాకు అది చాలా బాధ.

రిప్లై 3
మాది ధవళేశ్వరమే అండి. ఆదివారం పాపని తీసుకొచ్చి కాటన్ మ్యూజియం చూపించండి. ఇప్పుడు కనపడే బ్యారేజీ తర్వాత కట్టింది, కాటన్ గారు కట్టిన పాత ఆనకట్ట కాదు, చాలామంది పిల్లలు ఈ ఫోటో పెట్టి ఆయన కట్టిందని రాసేస్తారు. లంకల మధ్య ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది, మోడల్‌లో అది చూపించండి. గోదారి స్నానాల సంకల్పంలో ఆయన పేరు చెప్పే పంతుళ్ళు ఉన్నారు, పుష్కరాల రేవులో ఎవరినైనా అడిగితే పాప ఆ మాటలు రాసుకోవచ్చు.

అడిగినవారు
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. టబ్బు, గులకరాళ్ళు రెడీ. డైరీ కూలీది కాకుండా కూలీ కూతురిది రాస్తానంటోంది, తన వయసుదే. ఆదివారం ధవళేశ్వరం వస్తున్నాం, మ్యూజియం ఎన్నింటికి తీస్తారో చెప్తారా?