మొదటి రౌండ్‌లో రన్నింగ్ బ్యాక్: కౌబాయ్స్ మళ్లీ ఆ దారి పట్టాలా?

ఫ్రిస్కో_సుబ్బు:
ఏప్రిల్‌లో NFL (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం, దగ్గర పడితే చాలు, డాలస్ చుట్టుపక్కల మన ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే పాట: "ఈసారి మన డాలస్ కౌబాయ్స్ మొదటి రౌండ్‌లోనే మంచి రన్నింగ్ బ్యాక్‌ని (బంతి పట్టుకుని పరిగెత్తేవాడిని) పట్టాలి." నేను గట్టిగా వద్దంటాను. 2016 డ్రాఫ్ట్ గుర్తు చేసుకోండి. అంతకుముందు సీజన్ 4-12తో (4 గెలుపులు, 12 ఓటములు) ముగిసింది, చేతిలో నాలుగో పిక్ (ఎంచుకునే వంతు) ఉంది. ఒహాయో స్టేట్ నుంచి ఎజెకియల్ ఎలియట్‌ని తీసుకున్నారు. ఆ వెంటనే ఐదో పిక్‌తో జాక్సన్‌విల్ వాళ్లు కార్నర్‌బ్యాక్ (అవతలి జట్టు పాస్‌లను ఆపేవాడు) జేలెన్ రామ్సీని పట్టుకుపోయారు.

ఎలియట్ తొలి ఏడాదే 1,631 యార్డులు పరిగెత్తి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. కాదనను. కానీ అతని ముందు నిలబడ్డది ఎవరు? 2011లో తొమ్మిదో పిక్ టైరన్ స్మిత్, 2013లో 31వ పిక్ ట్రావిస్ ఫ్రెడరిక్, 2014లో 16వ పిక్ జాక్ మార్టిన్. ముగ్గురూ మొదటి రౌండ్ లైన్‌మెన్లే, అంటే ముందు నిలబడి ప్రత్యర్థులను అడ్డుకుని దారి చేసేవాళ్లు. 2014లో ఇదే లైన్ వెనకాల డిమార్కో మర్రే 1,845 యార్డులు కొట్టాడు. అతను ఫిలడెల్ఫియా వెళ్లిపోయాక, 2015లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) రోమో గాయంతో చాలా ఆటలకు లేకపోయినా, డారెన్ మెక్‌ఫాడెన్ కూడా వెయ్యి దాటాడు. బ్యాక్‌లు మారుతున్నా పరుగులు ఆగలేదు. అలాంటప్పుడు నాలుగో పిక్ అక్కడ ఖర్చు చేయడం ఎందుకు?

ఎడిసన్_ఈగల్:
సుబ్బు గారూ, మా ఫిలడెల్ఫియా ఈగల్స్ సంగతేంటి మరి? 2024 సీజన్‌లో రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్లీ 2,005 యార్డులు కొట్టాడు, సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్‌లో) చీఫ్స్‌ని 40-22తో ఓడించాం. మంచి బ్యాక్ వస్తే జట్టు రాతే మారిపోతుందని కళ్లారా చూశాం కదండీ.

ఫ్రిస్కో_సుబ్బు:
అదే బార్క్లీ కోసం 2018లో రెండో పిక్ పెట్టింది జెయింట్స్. ఆరేళ్లలో ఒక్కసారే ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. మీవాళ్లు అతని మీద డ్రాఫ్ట్ పిక్ పెట్టలేదు, ఫ్రీ ఏజెన్సీలో (పాత ఒప్పందం ముగిసిన ఆటగాళ్ల సంతలో) తెచ్చుకున్నారు. పిక్ పెట్టింది లైన్ మీద. లేన్ జాన్సన్ 2013లో నాలుగో పిక్. జోర్డన్ మైలాటా అయితే ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుకునే కుర్రాడు, ఏడో రౌండ్‌లో తీసుకుని ఏళ్ల తరబడి తయారుచేశారు. ఆ ఓపిక చూస్తే నాకు నిజంగా అసూయ.

కేటీ_రవి:
అన్నా, అంతా లైనే చేసిందంటే ఎలా? 2016లో మన క్వార్టర్‌బ్యాక్ ఎవరు? నాలుగో రౌండ్‌లో 135వ పిక్‌గా వచ్చిన డాక్ ప్రెస్కాట్, కొత్త కుర్రాడు. పది యార్డులు దాటడానికి నాలుగు ప్రయత్నాలు (డౌన్‌లు) ఉంటాయి కదా, ఎలియట్ మొదటి డౌన్‌లో ఐదేసి యార్డులు లాగబట్టే డాక్‌కి మూడో డౌన్ చిన్నదయ్యేది. డాక్ మీదకి బ్లిట్జ్ (డిఫెన్స్‌వాళ్లు ఎక్కువమంది దూసుకురావడం) వస్తే ఎదురెళ్లి ఆపేవాడు కూడా ఎలియటే. 13-3 ఊరికే రాలేదు. కార్నర్‌ని తీసుకుని ఉంటే ఆ కుర్రాడి మీద ఎంత బరువు పడేదో ఆలోచించండి.

ప్లేనో_పద్మ:
నేను జీతాల వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే సాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు పరిమితి) ఉన్న లీగ్‌లో పొజిషన్ ఎంపిక అంటే సగం డబ్బు లెక్కే. లీగ్‌కి, ఆటగాళ్ల సంఘానికి మధ్య జరిగిన 2011 ఒప్పందం నుంచి కొత్త ఆటగాడి జీతం ఎన్నో పిక్ అన్నదాన్ని బట్టి ఉంటుంది, ఏ పొజిషన్ అన్నదాన్ని బట్టి కాదు. నాలుగో పిక్‌గా ఎలియట్‌కి నాలుగేళ్లకు దాదాపు 25 మిలియన్ డాలర్లు. ఒక్క ఆట ఆడకముందే అతను లీగ్‌లో పెద్ద జీతాలున్న రన్నింగ్ బ్యాక్‌ల వరసలో చేరిపోయాడు. అదే డబ్బుకి కార్నరో, టాకిలో (లైన్ అంచున నిలబడేవాడు), పాస్ రషరో (అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకెళ్లేవాడు) వస్తే? బయట అలాంటివాడికి అంతకు ఎంతో ఎక్కువ పెట్టాలి. మిగిలిన తేడాతో ఇంకో ఇద్దరిని కొనుక్కోవచ్చు. మొదటి రౌండ్ పిక్ అసలు లాభం అదే.

తర్వాత ఏమైందో కూడా చూడండి రవి గారూ. 2019లో ఎలియట్ కొత్త ఒప్పందం కోసం క్యాంపుకి రాకుండా పట్టుబట్టాడు. ఆరేళ్లకు 90 మిలియన్లు ఇచ్చి ఒప్పందం పొడిగించారు. 2022కి వచ్చేసరికి అతనివి 876 యార్డులు, నాలుగో రౌండ్‌లో తెచ్చిన టోనీ పొలార్డ్‌వి 1,007. 2023 మార్చిలో ఎలియట్‌ని వదిలేశారు.

కేటీ_రవి:
పద్మ గారూ, 2019లో అంత ఇవ్వడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ అది ఒప్పందంలో తప్పు, 2016 పిక్‌లో కాదు. ఆ రెండూ కలిపేస్తే ఆ పిల్లాడికి అన్యాయం చేసినట్టు.

ఫ్రిస్కో_సుబ్బు:
సరే రవీ, ఒప్పందం పక్కన పెట్టి 2016 సీజనే చూద్దాం. 2017 జనవరి 15, ఆర్లింగ్టన్, ప్యాకర్స్‌తో ప్లేఆఫ్. ఎలియట్ 125 యార్డులు పరిగెత్తాడు, తన పని తాను చేశాడు. స్కోరు 31-31. గడియారంలో 12 సెకన్లు, ప్యాకర్స్‌కి థర్డ్ అండ్ 20 (మూడో డౌన్, ఇంకా 20 యార్డులు కావాలి). వాళ్ల క్వార్టర్‌బ్యాక్ రాడ్జర్స్ ఎడమవైపు పరిగెడుతూ గీత వెంబడి విసిరాడు. జారెడ్ కుక్ గీత మీదకి ఒరిగిపోతూ, రెండు కాళ్ల వేళ్లూ లోపలే ఉంచి పట్టాడు. 36 యార్డులు. మిగిలింది 3 సెకన్లు. వాళ్ల కికర్ క్రాస్బీ 51 యార్డుల నుంచి ఫీల్డ్ గోల్ కొట్టాడు, 34-31. ఆ మధ్యాహ్నమంతా రాడ్జర్స్‌ని ఆపగలిగినవాడు మన డిఫెన్స్‌లో లేడు. రామ్సీ ఉంటే గెలిచేవాళ్లమని ప్రమాణం చేయలేను కానీ, లోటు మాత్రం అక్కడే ఉంది.

బ్యాక్ కావాలంటే అదే 2016 డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో డెరిక్ హెన్రీ ఉన్నాడు. 45వ పిక్ దాకా ఎవరూ ముట్టుకోలేదు. మనకి 34వ పిక్ ఉంది! దాన్ని మోకాలి గాయంతో ఆ ఏడాదంతా ఆడలేకపోయిన జేలన్ స్మిత్ మీద పెట్టాం.

ఇర్వింగ్_హరి:
పొజిషన్ చూసి తీసుకోవడమే పొరపాటని నా అభిప్రాయం. మన పిక్ వచ్చేసరికి ఉన్నవాళ్లలో మేటి ఎవరో చూడాలంతే. 2020లో రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు) అవసరం మనకి పెద్దగా లేదు, అమారీ కూపర్ ఉన్నాడు. అయినా 17వ పిక్‌తో సీడీ ల్యాంబ్‌ని తీసుకున్నారు, 2023లో 1,749 యార్డులతో జట్టు రికార్డే తిరగరాశాడు. 2021లో అందరి చూపూ కార్నర్ల మీదే. హార్న్ ఎనిమిదో పిక్‌గా, సర్టన్ తొమ్మిదో పిక్‌గా మన కళ్ల ముందే పోయారు. మనకి దక్కింది మైకా పార్సన్స్. అదే 2023లో డిఫెన్స్ లైన్ మధ్యలో లావుపాటి టాకిల్ లేడని మాజీ స్మిత్‌ని 26వ పిక్‌తో తెచ్చారు. ఏం ఒరిగింది?

ప్లేనో_పద్మ:
హరి గారూ, మాజీ విషయంలో మీ మాట నిజం. కానీ మీ పార్సన్స్ ఉదాహరణ నా వాదనకే బలం. అతను లైన్‌బ్యాకర్‌గా వచ్చి పాస్ రషర్ అయ్యాడు, అంటే బాగా ఖరీదైన పొజిషన్‌లోకి మారాడు. అందుకే 2025లో జీతం దగ్గర తెగనప్పుడు గ్రీన్ బే (ప్యాకర్స్) వాళ్లు రెండు మొదటి రౌండ్ పిక్‌లతో పాటు డిఫెన్స్ ఆటగాడు కెన్నీ క్లార్క్‌ని కూడా ఇచ్చి పట్టుకెళ్లారు. ఎలియట్ వెళ్లినప్పుడు మనకి ఏం వచ్చింది? ఒక్క పిక్ కూడా రాలేదు. ఇద్దరు ఆటగాళ్లూ సమానమనిపించినప్పుడు తేల్చాల్సింది పొజిషనే.

ఎడిసన్_ఈగల్:
లైన్ ముందే కుదిరిన జట్టుకైతే లెక్క వేరండీ. డెట్రాయిట్ 2023లో 12వ పిక్‌తో రన్నింగ్ బ్యాక్ జమీర్ గిబ్స్‌ని తెచ్చింది. అతను బంతి పట్టగలడు కూడా. మరుసటి ఏడాది 15-2. ఇప్పుడు మీకూ లైన్‌లో టైలర్ స్మిత్ ఉన్నాడు, 2025లో 12వ పిక్‌తో గార్డ్ టైలర్ బుకర్ వచ్చాడు. ఇక బ్యాక్‌కి అడ్డేంటి?

ఫ్రిస్కో_సుబ్బు:
ఆ లైన్ వెనకే 2025లో ఏడాది ఒప్పందంతో చవగ్గా తెచ్చిన బ్యాక్ జావాంటే విలియమ్స్ వెయ్యి యార్డులు దాటాడు. అదే నా జవాబు.

ఇర్వింగ్_హరి:
మన వంతు వచ్చేసరికి ఇంకా ఎవరూ తీసుకోకుండా మిగిలిన మేటి ఆటగాడు రన్నింగ్ బ్యాకే అయితే? అప్పుడూ వదిలేస్తారా?

ఫ్రిస్కో_సుబ్బు:
వదిలేస్తాను. ఆ బ్యాక్ కావాలనుకునే జట్టు ఫోన్ చేస్తుంది, నా పిక్ వాళ్లకిచ్చి, వాళ్ల తర్వాతి పిక్‌తో పాటు ఇంకొకటి తీసుకుని కిందికి దిగుతాను. 2021లో పదో పిక్ ఈగల్స్‌కి ఇచ్చి 12కి దిగాం, పార్సన్స్‌తో పాటు మూడో రౌండ్‌లో 84వ పిక్ కూడా వచ్చింది. అలా వచ్చిన మూడో రౌండ్ పిక్‌తో బ్యాక్‌ని తీసుకోండి, సంతోషంగా చప్పట్లు కొడతాను.