కాలనీ జాగాలో అందరం కలిసి కూరగాయల తోట: చేసినోళ్లు మీ అనుభవాలు చెప్పండి

ఉప్పుబోరు, నల్గొండ:
మా కాలనీలో పార్కు కోసమని వదిలిన జాగా ఒకటుంది, 300 గజాలు ఉంటది. పార్కు రాలేదు గానీ సర్కారు తుమ్మ మాత్రం ఏపుగా వచ్చింది. ఇండ్లు కట్టినోళ్లు మిగిలిన కంకర, ఇటుక ముక్కలు తెచ్చి అండ్లనే పోసిన్రు. దాన్ని బాగుచేసి కూరగాయలు పెడదామని 12 ఇండ్లవాళ్లం అనుకున్నం. మృగశిర కార్తెకు గింజ పడాలని ఆశ. బోరుంది, కానీ నీళ్లు ఉప్పు, సబ్బు నురగ రాదు. ముందు ఏం చెయ్యాలి, ఏం చెయ్యొద్దు?

పాలమూరు అక్క:
తమ్మీ, చెయ్యొద్దన్నదే ముందు చెప్తా. ఇంటికొక మడి అని పంచకండి. మేం మహబూబ్‌నగర్‌లో అట్లనే మొదలుపెట్టినం. మొదటిరోజు ఫొటోలకు 26 మంది వచ్చిన్రు. ఉగాది నాటికి పార పట్టేటోళ్లం అయిదుగురం మిగిలినం. ఊరికి పోయినోళ్ల మడి ఎండింది. పట్టించుకోనోళ్ల మడిలో తుంగ మొలిచి పక్క మడిలకు పాకింది. ఆ తుంగ మీద రెండిండ్లకు మాటలు బందైనయి, ఇప్పటికీ బోనాల రోజు కూడా అటు మొహం ఇటు మొహమే.

తర్వాత మడులన్నీ కలిపేసి, వారాన్ని పంచుకున్నం. సోమవారం ఫలానా రెండిండ్లు, మంగళవారం ఫలానా రెండిండ్లు. గేటుకు నల్లబల్ల కట్టి సుద్దముక్కతో పేర్లు రాస్తం. రాలేనోళ్లు తమ బదులు ఎవరినన్నా చూసుకోవాలె. కోత ఆదివారం పొద్దున ఒక్కసారే, ఆ వారం పని చేసినోళ్లకు ముందు. మిగిలింది పక్కనున్న అంగన్‌వాడీకి.

ఇంకోటి. మే నెలలో పిల్లల సెలవులకు సగం కాలనీ ఖాళీ అయితది. అందుకే ఏప్రిల్ దాటితే మేం సగం మడులు అసలు వెయ్యం, ఎండుటాకు కప్పి వదిలేస్తం. ఆశకు పోయి అన్నీ వేస్తే అన్నీ ఎండుతయి.

చెల్క రైతు, నకిరేకల్ దిక్కు:
అక్క చెప్పింది నిజం. నేను మట్టి సంగతి చెప్తా. తుమ్మను గొడ్డలితో కొడితే రెండు వానలకే మళ్లీ పిలకలేస్తది. మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి, మోడుతో సహా పెరకాలె. జేసీబీ దొరికితే రెండు మూడు గంటల పని. ముండ్లు మాత్రం ఏరి కాల్చేయండి, లేకపోతే కాలనీ బండ్లన్నీ పంక్చర్లే.

చెరువు మట్టి మంచిదని ట్రాక్టర్ నిండా అదే పోస్తరు కొందరు. వట్టి చెరువు మట్టి వానకు బురద, ఎండకు నెర్రెలు. తట్ట చెరువు మట్టికి తట్ట ఎర్రమట్టి, తట్ట మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ పొయ్యకండి, చెదలు, వేరుపురుగు దానెంబడే వస్తయి. ఎరువు చేతిల పట్టుకుంటే వాసన రావొద్దు, పొడిపొడిగా రాలాలె. గదే గుర్తు.

రిటైర్డ్ సార్, మిర్యాలగూడ:
నీటి విషయం తేలిగ్గా తీసుకోకండి. సీసాలో బోరు నీళ్లు, సంచిలో మట్టి పట్టుకెళ్లి పరీక్ష చేయించండి. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను అడిగినా దారి చెప్తారు. ఈసీ అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, అది 3 (డెసీసీమెన్స్/మీటరు) దాటితే చాలా కూరగాయలు తట్టుకోలేవు. ఉల్లిగడ్డ, క్యారెట్, బీన్స్ ఉప్పుకు ముందే చేతులెత్తేస్తాయి. పాలకూర, గోకరకాయ కొంత ఓర్చుకుంటాయి. నీళ్లు ఆకుల మీద చల్లొద్దు, అంచులు మాడిపోతాయి. సాయంత్రం పూట మొక్క మొదట్లోనే పోయండి. వాన పడ్డప్పుడు మడిలో నీరు బాగా ఇంకేలా చూస్తే ఉప్పు కిందికి దిగుతుంది.

ఉప్పుబోరు:
సార్, ఫ్లోరైడ్ సంగతి? మా దిక్కు మర్రిగూడ, మునుగోడు పేరెత్తితేనే అందరూ భయపడ్తరు.

రిటైర్డ్ సార్:
భయం తాగే నీళ్ల గురించి ఉండాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. కాగబెడితే పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, ‘నల్గొండ టెక్నిక్’ అని. నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు తయారుచేశారు. గొప్పో, చిన్నతనమో మీరే అనుకోండి. తోట కుళాయి దగ్గర మాత్రం ‘తాగొద్దు’ అని ఎర్రరంగుతో పెద్దగా రాయండి. ఆడుకుని వచ్చిన పిల్లలు దోసిలి పట్టేది అక్కడే.

కోతుల బాధితుడు, దేవరకొండ:
అందరూ మట్టి, నీళ్లు అంటున్నరు. కోతుల మాటేంది? పోయిన ఏడు టమాటలు ఎర్రబడ్డ రోజే మంద దిగింది. పులి ఫ్లెక్సీ పెట్టినం. వారం రోజులు దూరంగా కూర్చుని చూసినయి. ఎనిమిదో రోజు ఒకటి పులి నెత్తిమీద కూర్చుని మా టమాట తిన్నది. ఫొటో ఉంది, పెట్టాలంటే సిగ్గయితుంది.

ఇప్పుడు మిర్చి, పసుపు, కరివేపాకు, పుంటికూర. ఆనిగెపుతీగ ఒక్కటే వల కింద. కడుపునిండా టమాట తినాలన్న కోరిక సంతలో తీర్చుకుంటున్నం.

పాలమూరు అక్క:
కోతుల కన్నా మాకు ఒక పెద్దాయన బాధ ఎక్కువుండె. తెల్లవారి 5 గంటలకు వచ్చి లేత పుంటికూర అంతా గిల్లుకుపోయేది. గొడవ పెట్టుకుంటే తోటకే చెడ్డపేరు. చివరకు గేటు తాళం ఆయనకే ఇచ్చినం, ‘బాపూ, పొద్దున మోటరు మీరే వెయ్యాలె’ అని. ఇప్పుడు మా అందరికన్నా ముందు నీళ్లు పెట్టేది ఆయనే. పుంటికూర ఇంకా తీసుకపోతనే ఉన్నడు, అది వేరే సంగతి.

ఆ జాగా ఎవరిదో కూడా చూసుకో తమ్మీ. లేఅవుట్ పార్కు జాగా అయితే మున్సిపాలిటీకి అర్జీ పెట్టి, ముద్ర పడ్డ కాగితం దగ్గర పెట్టుకో. మాకు తెలిసిన ఒకచోట కాయ కాసే టైముకు వాటర్ ట్యాంకుకని ముగ్గు పోసిపోయిన్రు.

ఉప్పుబోరు:
అర్జీ ఇచ్చిన, ముద్ర పడ్డ నకలు తెచ్చుకున్న. తుమ్మ మోళ్లు నిన్న పీకినం, అక్కడే నా స్కూటర్ రెండు టైర్లూ పోయినయి. రైతన్నా, ముందే చెప్పినా వినలేదు. నీళ్ల సీసా సోమవారం పంపుతున్న. 12 ఇండ్లల్ల 9 మంది నల్లబల్ల మీద పేరు రాసిన్రు. ముగ్గురు ‘చూద్దాం’ అన్నరు. నాటు గోకర విత్తనాలు ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకపోత.

చెల్క రైతు:
మా ఇంట్ల ఉట్టికి కట్టి ఉన్నయి. బస్సులో రా, స్కూటర్ మీద రాకు.