సేవింగ్ త్రో (మంత్రం నుంచి తప్పించుకునేదానికి వేసే డైస్) ఎవరు వేయాల? మంత్రం వేసినోడా, పడినోడా?

చిత్తూరు_కత్తి:
డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలా ఒక పాత్ర తీసుకుని డైస్‌తో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్లో కత్తితో కొడితే కొట్టినోడు డైస్ వేస్తాడు. హోల్డ్ పర్సన్ లాంటి, మనిషిని కదలనీకుండా పట్టేసే మంత్రం పడితే మాత్రం పడినోడే వేసుకోవాల. ఎందుకబ్బా ఈ తేడా? 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్లో ఫార్టిట్యూడ్, రిఫ్లెక్స్, విల్ అనేవి డిఫెన్సులుగా (దాడి చేసేవాడు అందుకోవాల్సిన అంకెలుగా) ఉండేవి, దాడి చేసేవాడే వేసేవాడు. పోయిన ఆదివారం నా తొమ్మిదో లెవెల్ ఫైటర్ (నేనాడే యోధుడి పాత్ర) మీద హోల్డ్ పర్సన్ పడింది. ఫైటర్‌కి స్ట్రెంగ్త్ (బలం), కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దిటవు) సేవులే గట్టి. ఈ మంత్రానికి వేయాల్సిన విజ్డమ్ సేవ్‌కి, డైస్ మీద పడిన అంకెకి కలిపేది సున్నా. డీసీ, అంటే తప్పించుకునేదానికి రావాల్సిన అంకె, 16. వరసగా 7, 3, 11, 9 పడినాయి. ఆట అయిపోయింది.

కపిలతీర్థం_డీఎం:
ఆ ఆట నడిపింది నేనే. అన్నా, నాలుగో ఎడిషన్లో కూడా పట్టిన మంత్రం వదిలించుకోవాలంటే పడినోడే డైస్ వేసి 10 కానీ, అంతకంటే ఎక్కువ కానీ తెచ్చుకోవాల, అది వదిలేసినావు. మన ప్రాణం మన చేతిలోని డైస్ మీద ఉండాదనే భయమే ఈ ఆటకి అందం. నేను తెర వెనక వేసి "నీకు పట్టేసింది" అంటే నమ్ముతావా?

లెక్కల_అబ్బోడు:
20 ముఖాల డైస్ మీద 16 కానీ, అంతకంటే ఎక్కువ కానీ రావాలంటే 100కి 25 అవకాశం. నాలుగుసార్లూ తప్పేది 100కి 32 దాకా ఉంటుంది. అరుదేం కాదు.

పుత్తూరు_మంత్రగాడు:
20 పడితే ఎట్లున్నా తప్పించుకుంటాం కదా?

కపిలతీర్థం_డీఎం:
లేదు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ పుస్తకంలో అది అటాక్‌కే. సేవ్‌కి ఉండేది మూడో ఎడిషన్లో.

పుత్తూరు_మంత్రగాడు:
మేమెప్పుడూ అట్లే ఆడతాం. పుస్తకం తీసి చూస్తా.

చిత్తూరు_కత్తి:
20 సంగతి పక్కన పెట్టండబ్బా. నేను అడిగింది ఎవరు వేయాలని.

కపిలతీర్థం_డీఎం:
చెప్పినా కదా. అయినా మూడో టర్నుకే నువ్వు ఫోన్ తీసి కూర్చున్నావు. ఆట మీద మనసు లేనోడికి ఏ రూలైనా తప్పుగానే కనపడుతుంది.

చిత్తూరు_కత్తి:
ఫోన్ ఎందుకు తీసినానో చెప్పు! ఆటలో వంతెన కింద రెండో శత్రువు దాక్కోనుండాడని మనోళ్లకి చెప్పబోతే, "పారలైజ్ అయినోడు మాట్లాడకూడదు" అని నోరు మూయించినావు. వారమంతా షాపులో నిలబడి, ఉన్న ఒక్క ఆదివారం చిత్తూరులో బస్సెక్కి వచ్చినా. మధ్యాహ్నమంతా బొమ్మలాగ కూర్చోబెట్టినావు. టీ గ్లాసులు కూడా నేనే కడిగినా, చేసేదానికి ఇంకేం లేక.

లెక్కల_అబ్బోడు:
అయితే గొడవ డైస్‌ది కాదు.

కపిలతీర్థం_డీఎం:
కదలకూడదు, మాట్లాడకూడదు అని రూల్లో ఉండేది క్యారెక్టర్‌కి. నీకు కాదు. తప్పు నాదే అన్నా. ఈసారి ఎవరికి హోల్డ్ పడినా, వాళ్ల చేతికి ఒక గోబ్లిన్‌ని (నేనాడించే చిన్న రాక్షసుణ్ణి) ఇస్తా, ఆడనీ.

చిత్తూరు_కత్తి:
ఆ మాట ఆదివారమే అనుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. వస్తాలే. డైస్ మాత్రం మంత్రం వేసినోడే వేయాల.