ఏపీ కెమిస్ట్రీ క్రెడిట్ తీసుకోవాలా, కోర్సు మళ్లీ చదివించాలా?

అందరికీ నమస్కారం. మేము టెక్సాస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఈ ఆగస్టులో ఇక్కడే ఒక స్టేట్ యూనివర్సిటీలో చేరుతోంది. మే నెలలో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కెమిస్ట్రీ పరీక్షలో 5కి 4 వచ్చింది. దానికి జనరల్ కెమిస్ట్రీ మొదటి సెమిస్టర్ క్రెడిట్ ఇస్తారట (అంటే ఆ కోర్సు కాలేజీలో చదివేసినట్టే లెక్క), ల్యాబ్‌కి మాత్రం ఇవ్వరట. నేరుగా రెండో సెమిస్టర్‌లో కూర్చోవాలంటే ఆన్‌లైన్ ప్లేస్‌మెంట్ టెస్ట్ కూడా పాసవ్వాలట.

నా టెన్షన్ ఏమిటంటే, అమ్మాయికి డాక్టర్ అవ్వాలని ఉంది. కొన్ని మెడికల్ స్కూళ్లు ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకోవని, కాలేజీలో ల్యాబ్‌తో సహా చదివిన కెమిస్ట్రీయే అడుగుతాయని విన్నాను. క్రెడిట్ వదులుకుంటే ఒక కోర్సు ఫీజు అదనం. తీసుకుంటే, మోల్ లెక్కలు చకచకా చేసే పిల్లే అయినా ఈక్విలిబ్రియం, బఫర్లు ఇంకా గట్టిగా రాలేదు, ముందు ముందు తడబడుతుందేమో. నేను ఇంటర్ బైపీసీ చదివాను గానీ ఇక్కడి పద్ధతి నాకు అర్థం కావడం లేదు.

మీ పిల్లలెవరైనా ఇలా క్రెడిట్ తీసుకుని ప్రీమెడ్ (మెడికల్ స్కూల్‌కి ముందు చేసే డిగ్రీ చదువు) చదివారా? దాని బదులు పై స్థాయి కెమిస్ట్రీ కోర్సు ల్యాబ్‌తో చేస్తే మెడికల్ స్కూళ్లు ఒప్పుకున్నాయా? ప్లేస్‌మెంట్ టెస్ట్‌కి వేసవిలో ఏం చదివారు? పది రోజుల్లో ఓరియెంటేషన్ ఉంది, ఆలోపే అడ్వైజర్‌కి ఏదో ఒకటి చెప్పాలి.