లూవర్లు పెట్టి పంపితే కిటికీలు కోసిచ్చారు: ఫార్మింగ్ టూల్ మీద మూడు సందేహాలు

ప్రశ్న (ప్యానెల్ డిజైనర్, బాలానగర్)

అందరికీ నమస్కారం. ఎలక్ట్రికల్ ప్యానెల్ బాక్సులు చేసే చిన్న యూనిట్‌లో డ్రాయింగులు చూస్తాను. ఇన్నాళ్లూ సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బెండ్లు, కన్నాలు, కటౌట్లు తప్ప వేరే పని పడలేదు. మొన్న ఒక కస్టమర్ తలుపుకి గాలి ఆడేలా లూవర్లు (రేకుని ఒక పక్క చీల్చి పైకి లేపిన సందులు) కావాలన్నాడు. తలుపు 600 × 800, రేకు 1.6 ఎంఎం సీఆర్‌సీఏ (కోల్డ్ రోల్డ్ ఉక్కు). డిజైన్ లైబ్రరీలో ఉన్న లూవర్ ఫార్మింగ్ టూల్‌ని (రేకు మీద ఆకారం నొక్కే అచ్చు లాంటి ఫైల్) లాగి వదిలితే చక్కగా కూర్చుంది. పద్నాలుగు పెట్టాను. ఫ్లాట్ ప్యాటర్న్ (మడతలు విప్పిన చదును రూపం) నుంచి డీఎక్స్‌ఎఫ్ (గీతల ఫైల్) తీసి బయట లేజర్ కటింగ్‌కి పంపాను. సాయంత్రం షీట్ వచ్చింది. లూవర్ గీతలన్నీ చుట్టూ కోసేశారు! రాలిపోయిన పద్నాలుగు ముక్కలూ కవర్లో వేసి మరీ ఇచ్చారు. మా ఓనర్ ఆ కవర్ నా టేబుల్ మీదే పెట్టి ఉంచాడు, ఇంకా తీయలేదు.

రెండోది, లైబ్రరీ లూవర్ కొలత నాకు సరిపోలేదని సొంతంగా ఒక టూల్ చేసుకున్నాను. దాన్ని లాగితే డిరైవ్డ్ పార్ట్ (వేరే పార్ట్ నుంచి తీసుకున్న పార్ట్) చేస్తున్నావా అని అడుగుతోంది. మూడోది, ఎలాగో తిప్పలు పడి పెట్టినా ఎర్రగా ఎర్రర్ చూపిస్తోంది. 1 ఎంఎం రేకు మీద అదే టూల్ పెడితే ఒప్పుకుంటోంది, 1.6 మీద ఒప్పుకోవట్లేదు.

జవాబు (డిజైన్ సర్వీసెస్‌లో పన్నెండేళ్లు)

తమ్ముడూ, చిన్నవి ముందు తేల్చేద్దాం.

డిరైవ్డ్ పార్ట్ సంగతి: డిజైన్ లైబ్రరీలో నువ్వు టూల్ దాచిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి, ఫార్మింగ్ టూల్స్ ఫోల్డర్ అన్నదానికి టిక్ పెట్టు. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలు పార్ట్ అనుకుంటుంది. లేదంటే సేవ్ చేసేటప్పుడే ఫైల్ రకం ఫార్మ్ టూల్, అంటే ఎస్‌ఎల్‌డీఎఫ్‌టీపీ ఎంచుకో. అప్పుడు ఫోల్డర్ టిక్‌తో పని లేదు.

ఎర్రర్ సంగతి కాస్త ఓపిగ్గా చదువు. టూల్‌ని రేకులోకి నొక్కినట్టు ఊహించుకో. టూల్ ఉపరితలం ఎలా ఉందో, టూల్‌కి ఆనుకున్న వైపు రేకు అచ్చం అలాగే వస్తుంది. అవతలి వైపు ముఖాన్ని సాఫ్ట్‌వేర్ మందం మేర జరిపి గీస్తుంది. టూల్ నెత్తి మీద ఉన్న ఫిల్లెట్‌కి (గుండ్రం చేసిన మూలకి) దీనితో ఇబ్బంది లేదు, అవతలి వైపు వ్యాసార్థం పెరుగుతుంది కాబట్టి. ఇబ్బందల్లా టూల్ మొదట్లో, అది స్టాపింగ్ ఫేస్‌ని (రేకు వచ్చి ఆనే చదును ముఖాన్ని) కలిసే మూలలో. అక్కడ అవతలి వైపు వ్యాసార్థం మందం మేర తగ్గుతుంది. నీ టూల్‌లో అక్కడ ఎంత ఇచ్చావో రాయలేదు కానీ, 1 ఎంఎం రేకు పట్టి 1.6 పట్టలేదంటే 1.2 లేదా 1.5 ఇచ్చి ఉంటావు. 1.5 లోంచి 1.6 తీసేస్తే మైనస్ 0.1. అలాంటి వంపు గీయమంటే ఎర్రగా కాక ఇంకెలా ఉంటుంది? మొదలు ఫిల్లెట్ 3 పెట్టు, అవతల 1.4 మిగులుతుంది.

ఇంకోటి. తెరుచుకోవాల్సిన ముఖాన్ని ఫేసెస్ టు రిమూవ్ పెట్టెలో ఎంచావా? టూల్ మీద అది ఎర్రరంగులో కనపడాలి. ఎంచకపోతే నీకొచ్చేది లూవర్ కాదు, నోరు లేని బొడిపె.

లేజర్ సంగతికొస్తే, తప్పు లేజర్ వాడిది కాదు. ఫార్మింగ్ టూల్‌ని సాలిడ్‌వర్క్స్ చదును చేయదు. ఫ్లాట్ ప్యాటర్న్‌లో అది ఉబ్బెత్తుగా అలాగే ఉంటుంది, దాని అంచులు డీఎక్స్‌ఎఫ్‌లోకి గీతలుగా దిగుతాయి. లేజర్‌కి గీత అంటే కోతే. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పక్కన టిక్కుల జాబితా వస్తుంది చూడు, జామెట్రీ, బెండ్ లైన్లు, స్కెచ్‌లు వగైరా. అందులో ఫార్మింగ్ టూల్స్ టిక్ తీసేయ్.

అడిగినవారు

ఫిల్లెట్ 1.5 ఏ ఉంది అన్నా! 3 చేశాను, కూర్చుంది. కానీ ఆ టిక్ తీసేస్తే డీఎక్స్‌ఎఫ్‌లో లూవర్ ఆనవాలే ఉండదుగా? మరి లూవర్ ఎక్కడ కొట్టాలో వాళ్లకెలా తెలుస్తుంది?

జవాబు (టర్రెట్ పంచ్ ఆపరేటర్, చర్లపల్లి)

ఇదీ అసలు అడగాల్సింది. కంప్యూటర్‌లో లూవర్ ఎంత అందంగా వచ్చినా రేకు మీద దాన్ని తీసేది డై, అంటే మెషీన్‌లో పెట్టే ఉక్కు అచ్చు. ఆ డై ఎవరి దగ్గరుంది, ఎంత పొడవు, ఎంత ఎత్తు? అది కనుక్కోకుండా నువ్వు 73 ఎంఎం లూవర్ గీస్తే, నీ 73 కోసం ఎవరూ కొత్త డై చేయించరు. మా దగ్గరికి వచ్చే డ్రాయింగుల్లో సగం గొడవ ఇదే. ముందు షాపుకి ఫోన్ చెయ్, వాళ్ల టూల్ కొలతలు తీసుకో, ఆ కొలతలతో నీ ఫార్మింగ్ టూల్ తయారు చేసుకో.

ఇక ఎక్కడ కొట్టాలన్నది డైని బట్టి ఉంటుంది. టర్రెట్ మెషీన్‌లో (తిరిగే చక్రంలో టూల్స్ పెట్టుకుని రేకుని కొట్టే పంచ్ మెషీన్) లూవర్ టూల్ ఒకే దెబ్బకి చీల్చి లేపుతుంది. దానికి కోత గీత అక్కర్లేదు, సెంటర్ గుర్తు, ఏ దిక్కున ఉందో చాలు. అదే రేకుని లేజర్‌లో కోసి, తర్వాత ప్రెస్‌లో లేపే పద్ధతైతే వాళ్ల డైకి కత్తి అంచు ఉందా లేదా అడుగు. ఉంటే లేజర్‌లో ఏమీ కోయొద్దు. లేకపోతే లూవర్ నోటి దగ్గర ఒక్క చీలిక మాత్రం లేజర్‌లో కోయాలి. చుట్టూ కాదు, ఒక్క పక్కే!

రెండు మాటలు ఎక్కువ చెప్తున్నా. పద్నాలుగు లూవర్లు కొడితే ఆ మేర రేకు సాగుతుంది. సాగిన రేకు చదునుగా ఉండదు, మధ్యలో చెయ్యి పెడితే టప్ టప్ మంటుంది. తలుపు అంచులకి మడతలు ఉంటే కొంత నిలుస్తుంది. అలాగని లూవర్‌ని బెండ్ లైన్‌కి అంటించి పెట్టకు. 1.6 రేకుకి ప్రెస్ బ్రేక్‌లో మామూలుగా మందానికి ఎనిమిది రెట్లు, అంటే 12 లేదా 13 ఎంఎం వెడల్పు వీ గాడి ఉన్న డై వాడతాం. లూవర్ ఆ డై భుజం మీదకి వచ్చిందంటే బెండ్ చేసేటప్పుడు నలిగిపోతుంది. టర్రెట్‌లో లేపే వైపు కూడా చెప్పు. మేము పైకే లేపుతాం, కిందికి లేపితే రేకు జరిగేటప్పుడు టేబుల్‌కి తగులుకుంటుంది. ఫార్మింగ్ దెబ్బలు చివరికి ఉంచుకునేది కూడా అందుకే.

జవాబు (డిజైన్ సర్వీసెస్‌లో పన్నెండేళ్లు)

పైన ఆయన చెప్పినదానికి సాఫ్ట్‌వేర్ వైపు నుంచి: తలుపు ముఖం మీద ఒక స్కెచ్ తీసుకో. ప్రతి లూవర్ నోటి దగ్గర చీలిక గీత ఒకటి గీసి, ఎక్స్‌పోర్ట్‌లో స్కెచ్‌లకి టిక్ పెట్టు. డై దానంతట అదే చీల్చేదైతే గీత బదులు సెంటర్ దగ్గర చిన్న ప్లస్ గుర్తు, దాన్ని వేరే లేయర్‌లో పెట్టి ఆ లేయర్ కోయొద్దని రాయి. టర్రెట్‌కి వెళ్లేదైతే డ్రాయింగ్‌లో ఫ్లాట్ ప్యాటర్న్ వ్యూ మీద పంచ్ టేబుల్ పెట్టు. పంచ్ ఐడీ, ఎక్స్, వై, కోణం అన్నీ దానికదే నింపుతుంది. టూల్ ఫైల్‌లో పంచ్ ఐడీగా షాపు వాళ్ల టూల్ నంబరే రాసుకుంటే ఇంకా మంచిది.

గేజ్ (రేకు మందం నంబరు) విషయం కూడా జాగ్రత్త. మన బజారులో 16 గేజ్ అంటే ఎస్‌డబ్ల్యుజీ (బ్రిటిష్ స్టాండర్డ్ వైర్ గేజ్) లెక్క, 1.63 ఎంఎం. అమెరికా ఉక్కు గేజ్ లెక్కలో అదే 16 అంటే 1.52. గేజ్ టేబుల్ ఎంచేటప్పుడు నంబర్ కాదు, మిల్లీమీటర్లు చూడు.

జవాబు (ఫ్రీక్యాడ్ వాడేవారు, విజయవాడ)

ఫ్రీక్యాడ్ (ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్) వాళ్లెవరైనా ఇది చదివితే: షీట్‌మెటల్ వర్క్‌బెంచ్‌ని యాడాన్ మేనేజర్‌లోంచి వేసుకోవాలి, ఫార్మింగ్ కమాండ్ అందులో ఉంది. నేనైతే ఫార్మింగ్ పెట్టకముందే అన్‌ఫోల్డ్ (చదును రూపం) తీసి పక్కన పెట్టుకుంటాను, ఈ కిటికీల బాధ ఉండదు. కే ఫ్యాక్టర్ (మడతలో రేకు ఎంత పొడవు తీసుకుంటుందో లెక్కించే సంఖ్య) ఇచ్చేటప్పుడు అన్సీ, డిన్ (అమెరికా, జర్మనీ ప్రమాణాలు) అని రెండు ఉంటాయి. అన్సీ 0.44 అంటే డిన్‌లో 0.88. నేను ఒకసారి ఇది తారుమారు చేసి, నాలుగు బెండ్లున్న ట్రేని కురచగా కోయించాను.

అడిగినవారు

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. షాపుకి ఫోన్ చేశాను. వాళ్ల డై కత్తి అంచు ఉన్నదే, లూవర్ పొడవు 100. పద్నాలుగు బదులు పది పెట్టాను, అంచు మడత నుంచి 40 ఎంఎం లోపలికి జరిపాను. డీఎక్స్‌ఎఫ్‌లో ప్లస్ గుర్తులు మాత్రమే. తలుపు ఇవాళే వచ్చింది, బాగుంది. కాకపోతే పైవరుస ఐదింటికీ నోరు పైకి ఉంది. నా స్కెచ్‌లో కోణం 180 తిరిగింది, ప్లస్ గుర్తుకి పైనా కిందా ఏం తెలుస్తుంది!

జవాబు (టర్రెట్ పంచ్ ఆపరేటర్, చర్లపల్లి)

ఆ ప్యానెల్ ఆరుబయట పెట్టేదైతే వాన నీళ్లు నేరుగా లోపలికే. నోరు కిందికి ఉండాలి. ఈసారి ప్లస్ బదులు బాణం గుర్తు పెట్టు, నోరు ఎటో బాణం అటు. లోపలిదైతే కస్టమర్‌ని అడిగి చూడు, ఒప్పుకుంటే ఒక తలుపు మిగిలినట్టే.

అడిగినవారు

ఆరుబయటదే సార్. కవర్ పక్కన ఇప్పుడు తలుపు కూడా చేరింది.