అడిగిందే మళ్ళీ అడగడం అవిశ్వాసమా?

ప్రశ్న – ప్రొద్దుటూరు నుండి ఒక తల్లి

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. ఆరో ఏటి నుండి మూర్ఛ వస్తోంది. ఎనిమిదేళ్ళుగా వాడి స్వస్థత కోసం ఇంట్లోనూ మందిరంలోనూ ప్రార్థిస్తూనే ఉన్నాము, రోజూ రాత్రి తొమ్మిదింటికి డాక్టరుగారు రాసిన మాత్ర వేస్తూనే ఉన్నాము. పోయిన నెల శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను ఎప్పటిలాగే విన్నపం చెప్పగా, ఒక పెద్దాయన, ప్రార్థనలో అడిగినవాటిని పొందామని నమ్మండి అనే మార్కు 11:24 చదివి, "పొందామని నమ్మినవాళ్ళు మళ్ళీ అడగరమ్మా, నువ్వు అడుగుతున్నావంటే నమ్మలేదనే అర్థం, పైగా ఆ మాత్రలొకటి, రెండు పడవల మీద కాళ్ళు పెడితే దేవుడెలా వింటాడు" అని అందరి ముందూ అన్నారు. ఆ మాట మనసులో పడి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రెండు రాత్రులు మాత్ర వేయలేదు. మూడో రోజు పొద్దున వాడు కొళాయి దగ్గర బిందె పట్టుకొని నిలబడినవాడు నిలబడినట్టే పడిపోయాడు. నేను పరుగెత్తేసరికి బిందె దొర్లిపోయి ఉంది, పెదవి తెగి ఆ నీళ్ళలో రక్తం కలుస్తోంది. ఆ రాత్రి నుండే మళ్ళీ మాత్ర వేస్తున్నాను. కానీ ఇప్పుడు మోకరిస్తే నోట మాట రావడం లేదు. అడిగితే అవిశ్వాసమేమో, అడగకపోతే నిర్లక్ష్యమేమో తెలియడం లేదు. వాక్యం తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – కర్నూలు నుండి, ఆదివారపు బడి ఉపాధ్యాయుడు

అమ్మా, మార్కు 11:24 ప్రభువు చెప్పిన మాటే, దాన్ని ఎవరూ కొట్టివేయలేరు. అయితే ఆ మాట చెప్పిన ప్రభువే కొద్ది రోజులకు, సిలువకు ముందటి రాత్రి గెత్సేమనే తోటలో ఏం చేశాడో మత్తయి 26:44లో చూడండి. మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని అక్కడ స్పష్టంగా ఉంది. అడిగిందే అడగడం అవిశ్వాసమైతే ఆ నింద మొదట ఎవరి మీద పడుతుందో ఆ పెద్దాయన ఆలోచించినట్టు లేదు. ఏలీయా ప్రవక్త సంగతి ఇంకా విశేషం. వర్షం కురిపిస్తానని దేవుడు ముందుగానే మాట ఇచ్చాడు (1 రాజులు 18:1); అయినా ఏలీయా మాట వచ్చేసిందిలే అని ఊరుకోలేదు, కర్మెలు కొండ మీద ముఖం మోకాళ్ళ మధ్య పెట్టుకొని, సముద్రం వైపు చూసి రమ్మని పనివాణ్ణి ఏడుసార్లు పంపాడు. ఆరుసార్లూ వాడు "ఏమీ లేదు" అనే చెప్పాడు. ఏడోసారికి కనిపించింది మనిషి చెయ్యంత మబ్బు. లూకా 18లో న్యాయాధిపతి చుట్టూ తిరిగిన విధవరాలి ఉపమానాన్ని ప్రభువు ఎందుకు చెప్పాడో మొదటి వచనంలోనే ఉంది: విసుగక ప్రార్థన చేయాలని. మత్తయి 6:7లో ప్రభువు వద్దన్నది మాటల లెక్కతో దేవుణ్ణి ఒప్పించవచ్చుననుకోవడాన్నే గాని, తండ్రి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడాన్ని కాదు.

జవాబు – కళ్యాణదుర్గం నుండి

పై సోదరుడు చెప్పినదంతా నిజమే, కానీ ఒక సంగతి వదిలేశారు. విడువక అడిగినవారికల్లా అడిగినదే దొరుకుతుందని ఆ అమ్మగారు అనుకుంటే రేపు మరో దెబ్బ తగులుతుంది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వదలని బాధ గురించి మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అనే జవాబు వచ్చింది గాని ముల్లు పోలేదు (2 కొరింథీ 12:8-9).

మా నాయన చెనక్కాయ చేనుకు మూడు బోర్లు వేయించాడు. మూడోది ఆరు వందల అడుగులు దిగినా తెల్ల దుమ్మే లేచింది. ఆ ఏడాది రోజూ రాత్రి ఆయన ప్రార్థన నేను పక్క మంచం మీద పడుకొని వినేవాణ్ణి. మొదట్లో "ప్రభువా, నీళ్ళియ్యి" అనేవాడు. కొన్నాళ్ళకు, "నీళ్ళియ్యి, ఇయ్యకపోతే అప్పిచ్చినాయన ముందర నాతో అబద్ధం ఆడనియ్యొద్దు" అనడం మొదలుపెట్టాడు. నీళ్ళు పడలేదు. ఆరేళ్ళు బెంగళూరులో కూలి చేసి అప్పు తీర్చాడు, ఒక్కసారి కూడా మొహం చాటేయలేదు. రెండో విన్నపానికి జవాబు వచ్చిందని నేను నమ్ముతాను. మన సాక్ష్యాల కూటాల్లో నీళ్ళు పడినవారే లేచి నిలబడతారు, పడనివారిని ఎవరూ పిలవరు; అందుకే మీవంటివారు తామొక్కరే తప్పిపోయామనుకుంటారు. శిష్యులు ప్రభువును "మాకు ప్రార్థన చేయ నేర్పుము" అని అడిగారు (లూకా 11:1). దగ్గర ఉండి నడిచినవారికే అది నేర్చుకోవలసిన పని అయినప్పుడు, ఎనిమిదేళ్ళకు మీకు మాట తడబడితే అందులో వింతేముంది?

జవాబు – జమ్మలమడుగు నుండి, రిటైరైన నర్సు

వాక్యం సంగతి అన్నలు చెప్పారు, నేను మాత్ర సంగతి చెబుతాను. తల్లీ, ఫిట్సు మాత్రలు హఠాత్తుగా ఆపితే మూర్ఛ మునుపటికంటే గట్టిగా, ఆగకుండా కూడా రావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. మీ డాక్టరుగారికి ఆ రెండు రాత్రుల విషయం దాచకుండా చెప్పండి. చావు జబ్బు చేసిన హిజ్కియా రాజు కన్నీళ్ళతో ప్రార్థించినప్పుడు దేవుడు బాగుచేస్తానన్నాడు, పదిహేనేళ్ళ ఆయుస్సు కూడా ఇచ్చాడు. ఆ వెంటనే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:5-7). అది రెండు పడవల మీద కాళ్ళా? మా ఊరికి సువార్త తెచ్చిన లండన్ మిషనువారే ఇక్కడ క్యాంబెల్ ఆసుపత్రి కూడా కట్టారు.

మార్కు 9 చదవండి. ఆ తండ్రి కొడుక్కీ మీ వాడి బాధే, చిన్నప్పటి నుండి నిప్పులోనూ నీళ్ళలోనూ పడేవాడు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని అతడు అరిచాడు. సగం నమ్మకంతో వచ్చావని ప్రభువు అతణ్ణి వెనక్కి పంపలేదు.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ వందనాలు. డాక్టరుగారికి చెప్పాము. కోప్పడ్డారు, మోతాదు మార్చలేదు. నిన్న రాత్రి మార్కు 9లోని ఆ తండ్రి మాటే మోకాళ్ళ మీద చెప్పాను, అంతకుమించి రాలేదు. ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వాణ్ణి తీసుకొని వెళ్తున్నాను. ఆరాధన తొమ్మిదింటికి ముగియదు కాబట్టి మాత్ర, మంచినీళ్ళ సీసా బైబిలు సంచిలోనే పెట్టుకున్నాను.